మేనల్లుడి కోసం పోసిన మొరం

బురదలో రోగిని మోసే బండిని ఎట్లా ఎంచుకోవాలో ఈ చుట్టుపక్కల నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఈ మాట అంటే మా ఊళ్లో నవ్వుతారు. నవ్వేవాళ్లలో ఒక్కడైనా ఆ బండి కిందికి దూరి, దాని పొట్టకూ నేలకూ మధ్య ఎంత సందు ఉందో కొలిచాడా? నేను కొలిచాను. డెబ్బై ఆరేళ్ల వయసులో, కోదాడ షోరూములో, ముఖం కనబడేంత నున్నటి బండల మీద వెల్లకిలా పడుకుని జానతో కొలిచాను. తెల్ల వ్యానుకు నిండా జానెడు కూడా లేదు. పొట్టి జీపుకు జానెడు మీద మూడు వేళ్లు. ఆ నాలుగైదు వేళ్ల తేడా మీద నా చెల్లెలి ప్రాణం ఉందని అక్కడున్న పెద్దమనుషులందరికీ కింద పడుకునే చెప్పాను. వాళ్లు నన్ను లేపి కూర్చోబెట్టి కూల్‌డ్రింకు ఇచ్చారు.

నా చెల్లెలికి మూత్రపిండాలు పనిచేయవు. సోమవారం ఒకసారి, గురువారం ఒకసారి సూర్యాపేట పోయి, రక్తం కడిగే మిషన్ పక్కన నాలుగు గంటలు పడుకోవాలి. ఒకసారి తప్పితే కాళ్లు ఉబ్బుతాయి. రెండుసార్లు తప్పితే ఊపిరి ఆడదు. మూడోసారి సంగతి డాక్టరు చెప్పలేదు, మేమూ అడగలేదు. మిషన్ వేళ పదకొండు గంటలు. ఆలస్యమైతే ఆ మంచం మీదికి ఇంకొకరు వస్తారు. వాళ్లను అనడానికి లేదు, వాళ్ల రక్తమూ ఎదురుచూస్తూనే ఉంటుంది.

మా ఊరు నడిగూడెం దిక్కున, తారు రోడ్డుకు మైలున్నర లోపల. ఆ మైలున్నరలో ముందు నల్లరేగడి, తర్వాత వాగు. ఎండాకాలం ఆ దారి మీద పెళ్లి ఊరేగింపులు పోతాయి. నాలుగు వానలు పడ్డాయంటే రేగడి చెప్పును పట్టుకుంటుంది, తర్వాత కాలును పట్టుకుంటుంది, తర్వాత మనిషినే పట్టుకుంటుంది. ఫోన్ చేస్తే వచ్చే సర్కారు బండి తారు రోడ్డు మీద ఆగుతుంది. డ్రైవర్ తప్పు లేదు. అతను నిలబడి మా ఊరి దిక్కు చూసి దండం పెడతాడు. చెల్లెను ట్రాక్టర్ ట్రాలీలో గడ్డి పరిచి పడుకోబెట్టి అక్కడి దాకా తీసుకుపోయేవాళ్లం, సర్కారు బండి దొరకని రోజు అక్కడ మాట్లాడి పెట్టుకున్న ఆటో ఎక్కించేవాళ్లం. "అన్నా, నన్ను మందిల కలిపినవా, వడ్లల కలిపినవా?" అని దారి పొడుగునా అడిగేది. పెళ్లయిన ఆరేళ్లకే భర్త పోయి తిరిగి మా ఇంటికి వచ్చిన మనిషి. నోరు తప్ప ఆమెకు ఆస్తి లేదు.

నా చదువు మూడో తరగతి. మిగిలిందంతా నేను చదువుకున్నదే. సాగర్ ఎడమ కాలువ మీద ముప్పై నాలుగేళ్లు లస్కర్ పని చేశాను. తూములు ఎత్తడం, దించడం, నీళ్లకు కాపలా కాయడం. కాలువ గోడకు కొట్టిన కొలత పలకల మీద అంకెలు నేర్చుకున్నాను, సిమెంటు బస్తాల మీద ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నాను. ఏ కల్వర్టు ఏ ఏడు మునిగిందో, ఎవరి అబద్ధం వల్ల మునిగిందో అన్నీ నాకు గుర్తే. అందుకే నన్ను ఏ మీటింగుకూ పిలవరు.

ఈ మీటింగుకు మాత్రం పిలవకుండానే పోయాను. మిర్యాలగూడలో బియ్యం మిల్లు ఉన్న ఒకాయన తల్లి మా ఊరి ఆడబిడ్డ. ఆమె సంవత్సరీకం నాడు ఆయన మా ఊరికి ఒక అంబులెన్స్ ఇస్తానని మాట ఇచ్చాడు. బురదలో పోయేదే ఇస్తానన్నాడు. ఆ మాట నా చెవులతో విన్నాను. బండిని ఎంచడానికి ఒక కమిటీ వేశారు. అందులో మా సర్పంచ్ ఉన్నాడు, సర్పంచ్ బామ్మర్ది ఉన్నాడు, మిల్లు గుమస్తాలు ఇద్దరున్నారు. రోగి లేదు, డ్రైవర్ లేడు, బురద గురించి తెలిసినవాడు లేడు. మిర్యాలగూడ మిల్లు ఆఫీసులో చల్లటి గదిలో వాళ్లు కూర్చుంటే, నేను పోయి తలుపు దగ్గర నిలబడ్డాను.

గంటన్నర నిలబడ్డాను. ఆ గంటన్నరలో వాళ్లు తేల్చింది తల్లి ఫోటో బండికి రెండు పక్కలా ఉండాలా, వెనక తలుపు మీద కూడా ఉండాలా అన్నది. వెనక తలుపు మీద వద్దని సర్పంచ్ బామ్మర్ది అన్నాడు. తలుపు తెరిచినప్పుడు అమ్మగారు సగానికి విడిపోతారన్నాడు. అది నిజమేనని అందరూ తలలూపారు.

"బండి పొట్ట ఎంత ఎత్తుంటది?" అని నేను అడిగాను.

అందరూ నా దిక్కు తిరిగారు. ఆడవాళ్ల ముందు అనరాని మాట అన్నట్టు చూశారు.

"గదంత కంపెనోళ్లు సూసుకుంటరు మామా," అన్నాడు మిల్లు యజమాని. ఊరి ఆడబిడ్డ కొడుకు కాబట్టి మా ఊరి మగవాళ్లందరం ఆయనకు మామలమే. "నువ్వు నిలబడ్డవేంది, కూసో. చాయ్ తాగు."

"కంపెనోళ్లు మా వాగు సూసిన్రా అల్లుడా? నాలుగు చక్రాలు తిరిగే బండా, రెండే తిరిగేదా? బురదల దిగవడ్డంక లాగనీకి ముందు కొక్కెం ఉన్నదా? గాలి పీల్చే గొట్టం ఎంత ఎత్తుల ఉన్నది? వాగు నీళ్లు గొట్టంల పోతే ఇంజన్ ఖతం."

"పెద్దనాయినా, నువ్వు రోగం సంగతి మాట్లాడుతున్నవా, బండి సంగతా?" అన్నాడు సర్పంచ్.

"రెండు సంగతులు ఒక్కటే," అన్నాను.

నన్ను వదిలించుకోవడం కంటే కలుపుకోవడం తేలికని మిల్లు యజమానికి అర్థమైంది. మిల్లు నడిపేవాడికి ఆ తెలివి ఉంటుంది. అట్లా నేను కమిటీలో ఐదోవాణ్ని అయ్యాను.

తర్వాత వారం అందరం కోదాడ పోయాం. నేల మీద పడుకున్న సంగతి ముందే చెప్పాను. అక్కడ బండ్లు అమ్మే కుర్చీలో ఒక మర్యాదస్తుడు ఉన్నాడు. మెడకు టై, మాటకు ముందు "అండి", మాటకు వెనక "అండి". తెల్ల వ్యాను చూపించాడు. లోపల ఏసీ, కర్టెన్లు, రోగి బంధువులకు కుషన్ సీట్లు, గోడకు ఒక చిన్న టీవీ. పొట్టి జీపు చూపించమని నేనే అడిగాను. అది మూలకు ఉంది. ఎత్తుగా, మొరటుగా, నాలుగు చక్రాలూ తిరిగేది. కొండల్లో సైన్యం వాడుతుందని ఆయనే చెప్పాడు. వెనక ఒకే ఒక్క స్ట్రెచర్.

సర్పంచ్ బామ్మర్ది ఆరడుగుల పైన ఉంటాడు. స్ట్రెచర్ మీద పడుకుని చూస్తానన్నాడు. పడుకున్నాడు. తలుపు మూయబోతే మోకాళ్ల దగ్గర ఆగింది.

"గిదేం బండి! కాళ్లు బయట పెట్టుకోని దవాఖానకు పోవాల్నా?" అన్నాడు పడుకునే.

"నా చెల్లెలు నాలుగున్నర అడుగులు. ఆమెకు సరిపోతది," అన్నాను.

"మరి మాకు రోగం రావొద్దా? ఊర్ల పొట్టోళ్లకే రోగాలొస్తయా?"

ఇది న్యాయమైన ప్రశ్నే. న్యాయమైన ప్రశ్నలు నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెడతాయి. పొడుగైన రోగి మోకాళ్లు ముడుచుకుంటాడు గానీ, వ్యాను తన పొట్టను ముడుచుకోలేదని నేను అన్నాను. ఎవరూ వినలేదు. అప్పుడు నాకు ఒక ఉపాయం తట్టింది. ఇంతకంటే మంచి ఉపాయం నా జీవితంలో తట్టలేదనుకున్నాను. "రెండు బండ్లను మా దారి మీద నడిపి సూడండి," అన్నాను. "వానలు పడ్డంక. ఏది ఊర్లెకు వస్తే గదే కొనండి."

మిల్లు యజమానికి నచ్చింది. సరేనన్నాడు. తానూ వస్తానన్నాడు, మా ఊరు చూసి చాలా ఏళ్లయిందన్నాడు. నేను సంతోషంగా ఇంటికి వచ్చాను. ఆ ఆఖరి మాట చెవిలో పడి కూడా మనసుకు ఎక్కలేదు. అదే నేను చేసిన తప్పు.

జూన్‌లో వానలు మంచిగా పడ్డాయి. దారి నా మనసుకు నచ్చినట్టు పాడైంది. రేగడిలో మోకాలి లోతు చక్రాల గాళ్లు, వాగు దిగేచోట గేదె పడుకునేంత గుంత. ప్రతి పొద్దున పోయి చూసుకునేవాణ్ని. పరీక్ష శనివారం. బుధవారం పొద్దున పోయేసరికి ఊరు ఊరంతా దారి మీద ఉంది.

ట్రాక్టర్లు గుట్ట నుంచి ఎర్రటి గులకరాళ్ల మొరం తెస్తున్నాయి. ఆడవాళ్లు తట్టలతో పోస్తున్నారు, మగవాళ్లు పారలతో సాపు చేస్తున్నారు. వాగులో మూడు సిమెంటు తూములు వేసి, వాటి మీద ఇసుక బస్తాలు పేరుస్తున్నారు. పండగ కంటే ఎక్కువ సందడి. సర్పంచ్ తలకు తువ్వాలు చుట్టుకుని అరుస్తున్నాడు.

"ఏం చేస్తున్నరురా?" అన్నాను.

"కనవడ్తలేదా పెద్దనాయినా? దారి చేస్తున్నం. శనివారం అల్లుడొస్తుండు."

"అల్లుడు వచ్చేదే దారి ఎంత ఖరాబున్నదో సూడనీకి!"

"గట్లని ఆడబిడ్డ కొడుకును బురదల నడిపిస్తమా? ఊరి ఇజ్జత్ ఏం గావాలె?"

చెప్పాను. అరిచాను. బురద బండికి పరీక్ష బురదలోనే పెట్టాలని, చేప ఈదుతుందో లేదో చూడడానికి చెరువును ఎండబెట్టవద్దని చెప్పాను. ఒకామె తట్ట దించి ఎంతో ఓపికగా విని, "నిజమే పెద్దయ్యా," అని మళ్లీ తట్ట ఎత్తుకుంది. ఆ తట్టలు ఎత్తేవాళ్లలో నా చెల్లెలు కూడా ఉంది. ఉబ్బిన కాళ్లతో, సగం నిండిన తట్టతో.

"నువ్వు గూడనా?"

"మరి? ఆయన తల్లి, నేను ఒక్క ఈడోళ్లం. నాకు కొడుకు వరస," అంది. "రోడ్డు మంచిగైతుంటె నీకేం ఏడుపొచ్చింది అన్నా? జర జరుగు, మొరం మీద వడ్తది."

శుక్రవారం పొద్దున ఎవరూ లేవకముందు నేను పార తీసుకుపోయి వాగు దగ్గర ఒక గుంత తవ్వాను. పాత గుంత ఎంత లోతు ఉండేదో జ్ఞాపకంతో అంతే తవ్వాను, వేలెడు ఎక్కువ కాకుండా, వేలెడు తక్కువ కాకుండా. నేను మోసగాణ్ని కాను. మధ్యాహ్నానికి దాన్ని పూడ్చారు. సాయంత్రం ఇంకొకటి తవ్వబోతే సర్పంచ్ బామ్మర్ది వచ్చి నా చేతిలోంచి పార తీసుకుని, నా గుంతలోనే నిలబడి, "తాతా, ఇగ ఇంటికి వో," అన్నాడు. అతను నిలబడితే గుంత ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది.

ఇరవై ఏళ్లుగా ఆ దారి కోసం అర్జీలు రాసినవాణ్ని నేను. మూడు రోజుల్లో ఆ దారి అయిపోయింది. దాన్ని ఆపడానికి ప్రయత్నించింది నేనొక్కడినే. దేవుడు నాకు ఇట్లాంటి వేషం వేస్తాడని నేను అనుకోలేదు.

శనివారం డప్పులు, కొబ్బరికాయలు, చక్రాల కింద నిమ్మకాయలు. మిల్లు యజమాని తన కారులో జారినట్టు వచ్చాడు. దిగి, "దారి మంచిగనే ఉన్నది గదా మామా?" అన్నాడు నాతో. చెప్పడానికి నోరు తెరిస్తే సర్పంచ్ నా నోటి ముందు కొబ్బరి ముక్క పెట్టాడు.

"పక్కన పొలంల నడుపు," అని కోదాడ ఆయన్ని అడిగాను. "గాడ బురద ఉన్నది."

"అమ్మో, షోరూం బండండీ పెద్దాయనా! బురద అంటితే కొత్త బండి కింద అమ్మలేమండి."

బురదలో పోయే బండికి బురద అంటకూడదు. ఈ మాట అన్నాక ఆయన ముఖం చూశాను. సిగ్గు లేదు. నిజంగానే అంటున్నాడు.

నా చెల్లెలు కొత్త చీర కట్టుకుని వచ్చింది, బండిలో పడుకుని చూపిస్తానని. కోదాడ ఆయన చేతులు అడ్డం పెట్టాడు. "అమ్మా, నిజం పేషెంటును ఎక్కించకూడదండి. ఏమన్నా అయితే? ఆరోగ్యంగా ఉన్నవాళ్లనే పడుకోబెట్టాలండి."

"బండి రోగానికా బిడ్డా, ఆరోగ్యానికా?" అంది చెల్లె. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ఒక అరటిపండు ఇచ్చారు. డాక్టరు ఆమెకు అరటిపండు తినకూడదని చెప్పాడు. దాన్ని చేతిలో పట్టుకుని పరీక్ష అయ్యేదాకా కూర్చుంది.

స్ట్రెచర్ ఎక్కింది మళ్లీ బామ్మర్దే. నేను నా సొంత పరీక్ష ఒకటి తయారు చేసుకుని వచ్చాను. ఇత్తడి చెంబు అంచు దాకా నీళ్లు పోసి రోగి తల పక్కన పెట్టడం, దారి చివర ఎన్ని నీళ్లు ఒలికాయో చూడడం. కుదుపులో రోగి ఏమవుతాడో చెంబు చెబుతుంది. దీన్ని ఎవరూ నాకు నేర్పలేదు. కమిటీ అందరూ మెచ్చుకున్నారు. ఆ పని మొత్తంలో నన్ను మెచ్చుకున్నది అప్పుడొక్కసారే.

తెల్ల వ్యాను మైలున్నర పోయి వచ్చింది. తలుపు తెరిస్తే బామ్మర్ది నిద్రపోతున్నాడు. చెంబులో చుక్క ఒలకలేదు. జీపు పోయి వచ్చింది. దాని స్ప్రింగులు కొండలకు చేసినవి, సాపు దారి మీద అది దూడలా గంతులు వేస్తుంది. బామ్మర్ది కాళ్లు బయట, చెంబు బోర్లా. నీళ్లన్నీ అతని చొక్కా మీద.

"రాయి పెద్దనాయినా," అన్నాడు సర్పంచ్ పుస్తకం నా ముందు పెట్టి. "నీ చెంబు ఏం జెప్పిందో గదే రాయి."

నేను అబద్ధం రాయలేదు. "తెల్ల వ్యానులో చుక్క నీళ్లు ఒలకలేదు. జీపులో అన్నీ ఒలికాయి," అని రాసి సంతకం పెట్టాను. కింద ఇంకా రాయాలని కలం పట్టుకునే ఉన్నాను, పుస్తకం తీసుకున్నారు. తెల్ల వ్యాను ఏకగ్రీవం అయింది. నా చెంబే నా పీక కోసింది.

పది రోజులకు బండి వచ్చింది. రెండు పక్కలా తల్లిగారి ఫోటోలు, చిన్న నవ్వుతో. డ్రైవర్‌ను కూడా మిల్లు నుంచే పంపారు, మంచి పిల్లవాడు. ఊరికి సొంత బండి వచ్చింది కదా అని, తారు రోడ్డు మీద మా చెల్లె కోసం ఆగే ఆటోవాడు వేరే కిరాయిలు చూసుకున్నాడు. రెండు వారాలు వ్యాను బ్రహ్మాండంగా తిరిగింది. చెల్లె టీవీ చూసుకుంటూ సూర్యాపేట పోయివచ్చేది. "అన్నా, నువ్వు ఊకె లొల్లి చేసినవ్," అనేది. నేనూ ఒక రోజు ఎక్కి చూశాను. చల్లగానే ఉంది.

తర్వాత నాలుగు రోజులు ఆగకుండా వాన. సాపు చేసిన మొరం ఎటు పోయిందో వాగును అడగాలి. తూములు మిగిలాయి గానీ, ఊరికీ వాగుకూ మధ్య రేగడి మళ్లీ తన ముఖం తాను చూపించింది. గురువారం పొద్దున ఎనిమిదింటికి చెల్లెను ఎక్కించుకుని వ్యాను బయలుదేరింది. మూడు వందల అడుగులు పోయి ఆగింది. చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలడం లేదు. పొట్ట నేలకు ఆనింది. నేను కొలిచిన పొట్టే.

నలుగురం నెట్టాం. బండి ఇంకొంచెం కూర్చుంది. పక్క పొలంలో బురద దున్నుతున్న ఇనుప చక్రాల ట్రాక్టర్‌ను పిలిచాను. దాని యజమాని గట్టు దాకా వచ్చి, లాగడానికి కొక్కెం ఏదని అడిగాడు. ముందు కొక్కెం లేదు. "ఆమెను ట్రాలీల ఎక్కించు, నేను తీస్కపోత," అన్నాడు. "కని ఇనుప చక్రాల తోటి తారు రోడ్డు ఎక్కనీయరు. అంచుకు దించి ఒస్త. గాడికెల్లి ఏం బండి ఉన్నది మరి?"

ఏ బండీ లేదు. బురదలో నడిచేది తారు ఎక్కదు. తారు మీద నడిచేది బురదలో ఉంది. సర్కారు బండికి ఫోన్ చేస్తే ఇంకో ఊళ్లో కాన్పు కేసు మీద ఉన్నారు, గంటన్నర అన్నారు. తొమ్మిది కావస్తోంది. సోమవారం కూడా వాన వల్ల ఆమె పోలేదు. ముఖం ఉబ్బింది. అద్దం దించి నన్ను పిలిచింది.

"అన్నా. గిండ్ల మస్తు సల్లగున్నది. సచ్చినా పాడుగాను."

"నోర్ముయ్."

"నా కోసమంటె ఎవలు రారు. మిల్లాయన వస్తుండని చెప్పరాదు? గప్పుడైతె మూడు దినాలల్ల చేసిన్రు. ఇయ్యాల మూడొందల అడుగులు చెయ్యరా?"

నా ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో తూము దగ్గర ఒక్క అబద్ధం చెప్పలేదు. రైతులు కొట్టడానికి వచ్చినా చెప్పలేదు. ఆ రోజు సర్పంచ్‌కు ఫోన్ చేసి, "అల్లుడొస్తుండంట. పదింటికల్ల. బండి ఎట్ల నడుస్తుందో సూడనీకి," అన్నాను. గొంతు కూడా వణకలేదు. అంత సులువని తెలిస్తే ముందే మొదలుపెట్టేవాణ్నేమో.

పావుగంటలో తట్టలు వచ్చాయి. గుట్ట కింద మిగిలిన మొరం కుప్ప ట్రాలీల్లో కదిలింది. ఎంతమంది వచ్చారో లెక్కపెట్టలేదు, వంటలు మానుకుని వచ్చినవాళ్లే ఎక్కువ. ఇరవై మంది కలిసి వ్యానును కాగులా పైకి ఎత్తి పక్కకు పెట్టారు, చెల్లె లోపల ఉండగానే. "మెల్లగ, అమ్మగారి ఫోటోకు గీత వడ్తది!" అని సర్పంచ్ అరిచాడు. మొరం పోశారు, బండి కదిలింది. పదిన్నరకు తారు ఎక్కింది. సూర్యాపేట చేరేసరికి వేళ దాటింది. మంచం మీద ఇంకొకాయన ఉన్నాడు. మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, చివరికి ఆమెకు రెండున్నర గంటలు ఇచ్చారు. నర్సమ్మ మంచిది, అవి కూడా ఎక్కడి నుంచో తెచ్చి ఇచ్చింది.

సాయంత్రం చెల్లెతో పాటు బండిలో తిరిగి వస్తుంటే వాగు దగ్గర మంది కనిపించారు. డప్పులు కూడా ఉన్నాయి. పొద్దుటి నుంచి అక్కడే ఉన్నారట. అల్లుడు రాలేదు కదా, బండిలో వస్తాడేమోనని. వ్యాను ఆగగానే డప్పు మొదలైంది. సర్పంచ్ చేతిలో వాడిన పూలదండ. తలుపు తెరిచాడు. లోపలి నుంచి మా చెల్లె దిగింది.

డప్పు ఇంకొంచెం సేపు మోగి ఆగింది.

"అల్లుడేడి?" అన్నాడు సర్పంచ్ నాతో.

"రాలే. వస్తననలే. నేనే అన్న."

"అబద్ధం చెప్పినవా? నీ వయసేంది పెద్దనాయినా? ఊరిని మొత్తం బురదల నిలవెట్టినవ్!"

"చెల్లెను మిషన్ కాడికి తోలనీకి మొరం పోయమంటె పోసేటోళ్లా?"

అతను దండను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. తర్వాత నా చెల్లె దిక్కు తిరిగి, కోపం లేకుండానే అన్నాడు. "అత్తా, నీతోటి దాపెందుకు. ఆయన ఒక్కసారొస్తడు, పోతడు. ఒక్కసారంటె ఎవలైనా తట్ట ఎత్తుతరు. నువ్వు సోమారం పోతవ్, గురువారం పోతవ్. మల్ల సోమారం. దీనికి అంతు ఏడున్నది?"

నేను చెంప పగలగొట్టేవాణ్ని, చెయ్యి లేవలేదు. ఇరవై ఏళ్ల నా అర్జీలకు ఎవరూ ఇవ్వని సమాధానం అతను నిజాయితీగా ఇచ్చాడు. ఆమె కూడా ఈ ఊరి ఆడబిడ్డే అన్న మాట నా నోటిలో ఉంది. చెల్లె ముందే అందుకుంది.

"అంతు ఉన్నది కొడుకా," అంది బండి తలుపు పట్టుకుని. "రెండు వారాలు గిట్లనే ఆగు. అంతయితది. గప్పుడు నేను గూడ ఒక్కసారే పోత, మల్లి రాను. గానాడు మంచిగ పోయున్రి మొరం. డప్పులు గూడ ఉన్నయి గదా, పిలిచే పని లేదు."

చెల్లె సర్పంచ్ చేతిలో దండ చూసి, "గది గూడ దాసిపెట్టు," అంది. ఎవరో ఒకామె చీర కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో నాకు తెలియలేదు. సర్పంచ్ దండను బండి అద్దానికి తగిలించి వెళ్లిపోయాడు.

ఆదివారం రాత్రి మళ్లీ వాన. సోమవారం తెల్లవారగానే నేను పార పట్టుకుని పోయాను, ఒక్కడినే ఎంత పోయగలనో అంత పోద్దామని. సగం దూరంలో ఎవరో వంగి పని చేస్తున్నారు. సర్పంచ్ బామ్మర్ది. అతని వెనక ఇంకో తొమ్మిది మంది. డప్పులు లేవు, సర్పంచ్ లేడు. ఇనుప చక్రాల ట్రాక్టరాయన కుప్ప నుంచి మొరం మోస్తున్నాడు. చెడ్డ చోట్లు రెండే పూడ్చారు, మిగిలిన దారి ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

"వడ్లు దంచుతున్నవా తాతా? పార గట్లనా పట్టేది?" అన్నాడు బామ్మర్ది. "జరుగు."

"ఎవరు జెప్పిన్రు నీకు?"

"ఎవలు జెప్పలే. నేను గా బండిల పండుకున్న గదా. మంచిగ నిద్రవట్టింది." మళ్లీ వంగి మొరం సాపు చేయసాగాడు.

వ్యాను వచ్చింది. మొదటి చోట దాటింది. రెండో చోట వెనక చక్రం ఒకటి పక్కకు జారింది. చెల్లె అద్దం దించి తల బయట పెట్టి, "ఎడమకు పొయ్యున్రి! ఎడమకు! కండ్లున్నయా లేవా?" అని అరిచింది. ఎడమకు పోశారు. బండి ఎక్కింది. పదిన్నరకే సూర్యాపేట చేరింది. మంచం ఖాళీగా ఉంది. ఆ రోజు ఆమెకు నాలుగు గంటలు నిండా దొరికాయి.

జీపుకు మార్చమని మిల్లు యజమానికి ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు, కొలతలతో సహా. తల్లిగారి ఫోటో జీపు మీద చిన్నదైపోతుందని గుమస్తా ఫోన్ చేసి చెప్పాడు, ఆలోచిస్తున్నారట. మొన్న గురువారం మొరం పోయడానికి ఏడుగురు వచ్చారు. ఈ సోమవారం పన్నెండు మంది, అందులో సర్పంచ్ భార్య ఒకతె. ఎందుకు పెరుగుతారో ఎందుకు తగ్గుతారో నాకు అంతుబట్టడం లేదు. ఈ రోజు బుధవారం. అనంతగిరి దిక్కున మబ్బు పట్టింది. చెల్లె కాళ్లు అప్పుడే ఉబ్బడం మొదలయ్యాయి. ఈ కాగితం ఇక్కడ ఆపి, చీకటి పడకముందే ఇల్లిల్లూ తిరిగి రావాలి. రేపు ఎవరెవరు వస్తారో అడగాలి, ఎవరి కోసమో ఉన్నది ఉన్నట్టు చెప్పి అడగాలి.